ఉత్తరం గోలు వెనక కొబ్బరిచెట్టు

ఇలా రా, కనకమహాలక్ష్మీ. ఆ పీట నా మోకాళ్ల దగ్గరికి లాక్కుని కూర్చో. దూరంగా కూర్చుంటే గట్టిగా చెప్పాలి, గట్టిగా చెబితే దగ్గొస్తుంది, దగ్గొస్తే కథ తెగిపోతుంది. ఇది మీ తాత కథ. మొగుడి పేరు నోటితో చెప్పకూడదని మా అమ్మ నేర్పింది గానీ, అస్తమానూ "ఆయన, ఆయన" అంటూ పోతే ఏది ఎవరి మాటో నీకు తెలియదు. ఈ ఒక్కసారికీ నూకరాజు అనే చెబుతాను.

ఎనభై ఒకటో సంవత్సరం. దసరా వెళ్లిన వారం. బుధవారం సాయంత్రం నూకరాజు క్లబ్బు పాకలో కూర్చుని పాత బంతికి కొబ్బరినూనె పట్టిస్తున్నాడు. అప్పటి బంతులు తోలువి. వానలో తడిస్తే రాయిలా బరువెక్కేవి. గుడ్డతో నూనె అద్ది, కుట్టు కుట్టుకీ బొటనవేలితో రుద్దాలి. అలా రుద్దుతూంటే సెక్రటరీ బంగారరాజు గారు వచ్చారు. సైకిలు స్టాండు వెయ్యడం మరిచిపోయి పాక గుంజకి ఆనించారు. అది జారి పడింది. ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. 

రాజోలులో మన వసిష్ఠా ఫుట్‌బాల్ క్లబ్బు జీతమిచ్చే క్లబ్బు. ఈ లంకల్లో బంతి తన్నేవాళ్లు చాలామంది ఉండేవారు గానీ, తన్నినందుకు నెల జీతమిచ్చేది అదొక్కటే. మనిషికి నెలకి ఎనభై రూపాయలు, పైఊరు వెళితే తిండికి బత్తా. ఆ డబ్బు ఎవరో జమీందారు ఇచ్చింది కాదు. చెట్లిచ్చింది. క్లబ్బు పెట్టిన సుందరరామయ్య మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. కొత్తగా చేరినవాడు రుసుము కట్టక్కర్లేదు. మైదానం అంచున గొయ్యి తవ్వి ఒక కొబ్బరిమొక్క తన చేత్తో పాతాలి. వాడు ఆడినన్నాళ్లూ ఆ చెట్టు కాయ క్లబ్బుది. ఆట మానిన రోజు నుంచి కాయ వాడిది, వాడు పోతే వాడి ఇంటిది. అంతే. కాగితం లేదు, సంతకం లేదు. మాస్టారు పోయాక ఏ చెట్టు ఎవరిదో పూర్తిగా తెలిసినవాడు నూకరాజు ఒక్కడే. క్లబ్బులో బ్యాకు ఆడేదీ అతనే, రెండు నెలలకోసారి చెట్లెక్కి కాయ కోసి దింపు తీసేదీ అతనే మరి.

కాపుకొచ్చిన చెట్లు నలభై రెండు. మాస్టారు పెట్టినప్పుడు అందరూ ఆడేవాళ్లే, కాయంతా క్లబ్బుదే. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఒక్కొక్కళ్లే ఆట మానేశారు. చెట్టూ వాళ్లతోపాటే వెళ్లింది. క్లబ్బుకి మిగిలినవి పదహారు. మూడు నెలలుగా జీతాల్లేవు.

బంగారరాజు గారు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పారు. సోమవారం లోపల ఏలూరు పోటీలకి డబ్బు కట్టాలి. నిరుడూ కట్టలేదు. ఈసారీ కట్టకపోతే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు, ఇక వసిష్ఠా క్లబ్బు అనేదే ఉండదు. పేరు నిలబెట్టాలంటే గెలవాలి, గెలవాలంటే విశాఖపట్నం నుంచి ముగ్గురిని తేవాలి, వాళ్లకి ముందే వెయ్యేసి రూపాయలు ఇవ్వాలి. అంబాజీపేట షావుకారొకాయన మూడేళ్ల ఫలసాయం కొంటానన్నాడు. మొత్తం నలభై రెండు చెట్లూ అయితేనే. శనివారం పొద్దున్న లారీతో వస్తాడు. మొదటి దింపు కళ్లారా చూసి, కాగితం మీద సంతకం పెట్టి, డబ్బిస్తాడు.

నూకరాజు గుడ్డ పక్కన పెట్టాడు. "మానేసినవాళ్ల చెట్లు కూడానాండీ?" అన్నాడు.

"అన్నీనూ. నేల క్లబ్బుది. నేల క్లబ్బుదైతే చెట్టూ క్లబ్బుదే కదరా."

"వాళ్లకి చెప్పేరాండీ?"

"చెబితే నలభై నోళ్లు. ముందు దింపు అయిపోనీ. తరవాత నేను చెప్పుకుంటాను." ఆయన మీ తాత మోకాలి వైపు చూశారు. అప్పటికే ఆ మోకాలికి గుడ్డ చుట్టుకుని ఆడుతున్నాడు. "నీకు మహా అయితే ఇంకో ఏడాది. తరవాత ఏం చేస్తావు? మైదానం చూసుకుంటూ కుర్రాళ్లకి ఆట నేర్పు. నెలకి నూరు రూపాయలు, ఆగకుండా. షావుకారు డబ్బు వచ్చిన రోజే మూడు నెలల బకాయీ ఇచ్చేస్తాను. నువ్వు ఎక్కాలి, అంతే."

బంగారరాజు గారు చెడ్డమనిషి కాదమ్మా. భార్య గొలుసు అమ్మి నిరుడు బూట్లు కొన్న మనిషి. భయంలో ఉన్నాడు. భయంలో ఉన్నవాడికి దగ్గరి దారే కనపడుతుంది.

నూకరాజు ఇంటికొచ్చి నాకు చెప్పాడు. నేనేమన్నానో దాచను. ఎక్కమన్నాను. మీ నాన్నకి అప్పుడు ఎనిమిదేళ్లు, చొక్కా భుజం మీద నేను కుట్టిన అతుకే మళ్లీ చిరిగింది. బియ్యం కొట్టువాడు నన్ను చూస్తే తక్కెడ తుడుచుకోవడం మొదలుపెట్టేవాడు. నూరు రూపాయలు, ఆగకుండా, అన్న మాట నా చెవిలో పడ్డాక ఇంకేదీ పడలేదు. "నీ చెయ్యి కాకపోతే ఇంకోడి చెయ్యి. పాలకొల్లు నుంచి దింపువాళ్లు దొరకరా?" అన్నాను. నూకరాజు కంచంలో అన్నం అటూ ఇటూ జరిపి లేచిపోయాడు.

గురువారం దింపుకత్తి నూరించుకోడానికి వెళుతూ సువార్తమ్మ ఇంటిముందు ఆగాడు. సువార్తమ్మ దేవసహాయం భార్య. దేవసహాయం గోల్‌కీపరు. నరసాపురం మీద జరిగిన పోటీలో చివరి బంతిని గుండెతో ఆపి, లాంచీలో తిరిగొస్తున్నంతసేపూ మాట్లాడలేకపోయిన మనిషి. ఆట మానేసిన రెండేళ్లకి కామెర్లతో పోయాడు. ఆయన చెట్టు ఉత్తరం గోలు వెనక ఉంది. సాయంత్రం పూట నీడ సరిగ్గా గోలు మధ్యలో పడేలా చోటు చూసుకుని పాతుకున్నాడు. ఆ చెట్టు కాయతోనే సువార్తమ్మ నూనె ఆడించి అమ్మేది, పీచుతో తాడు పేనేది. కూతురు కృపావతి టీచరు ట్రైనింగుకి వెళ్లి హాస్టల్లో ఉండేది. హాస్టలు డబ్బులో సగం ఆ చెట్టుదే.

సువార్తమ్మ వాకిట్లో కూర్చుని తాడు పేనుతోంది. తొడ మీద అరచెయ్యి ఒకే వేగంతో ముందుకీ వెనక్కీ వెళుతోంది. నూకరాజు చెప్పాలనే వచ్చాడు. నిలబడ్డాడు. వాన ఎప్పుడు తగ్గుతుందో అన్నాడు. కృపావతి ఉత్తరం రాసిందా అన్నాడు.

"శనివారం దింపు కదా," అంది సువార్తమ్మ. "ఈసారి గెలలు బాగా దిగేయి. కిందనుంచి చూస్తేనే తెలుస్తోంది. డిసెంబరు ఫీజు కట్టేయచ్చు."

నూకరాజు కత్తి పిడి తిప్పుతూ ఉండిపోయాడు.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎవరు ఎక్కుతున్నారు?"

"నేనే వదినా."

"నువ్వేనా. అయితే బెంగ లేదు," అని మళ్లీ పేనడం మొదలుపెట్టింది.

ఆ మాట ఆయన్ని ఎలా తినేసిందో ఆ సాయంత్రం నేను చూశాను. కత్తి నూరించాను అన్నాడు, చూస్తే కత్తి నూరలేదు. మీ నాన్న లెక్క ఒకటి చెప్పమని పలక పట్టుకొస్తే, పలక తలకిందులుగా పట్టుకుని చూశాడు. ఎక్కితే ఆవిడ కూతురు హాస్టలు మానాలి. ఎక్కకపోతే క్లబ్బే ఉండదు, మన పొయ్యి మీద గిన్నె ఉండదు. రెండు వైపులా తనే ఉన్నాడు.

శుక్రవారం సాయంత్రం ఆట సాధనకి వెళ్లినా కాలు మైదానంలో లేదు. బంతి పక్కనుంచి పోతున్నా చూడలేదు. అక్కడినుంచి తిన్నగా సువార్తమ్మ ఇంటికి వెళ్లి, గుమ్మం దాటకుండానే మొత్తం చెప్పేశాడు. షావుకారు, మూడేళ్లు, నలభై రెండు చెట్లు, తనకి ఇస్తానన్న నూరు రూపాయలు, అన్నీ. సువార్తమ్మ విని, "రేపు ఎన్నింటికి?" అని అడిగింది. ఏడింటికి అన్నాడు. ఆవిడ తాటాకు గొడుగు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. రాత్రి పొద్దుపోయే దాకా ఆట మానినవాళ్ల ఇళ్లన్నిటికీ తిరిగిందని తరవాత తెలిసింది.

శనివారం తెల్లారేసరికి వాన ఆగింది గానీ చెట్ల మానులు నల్లగా తడిసి ఉన్నాయి. నేను మీ నాన్నని చంకన వేసుకోలేక చెయ్యి పట్టుకుని లాక్కుంటూ వెళ్లాను. మైదానం అంచున అందరూ నిలబడి ఉన్నారు. పోస్టుమాస్టరు అచ్యుతరామయ్య గారు, అప్పట్లో ఎడమవైపు ముందు ఆడేవారు, కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఇంకా పాతవాళ్లు, పోయినవాళ్ల కొడుకులు. ఎవరూ అరవడం లేదు. షావుకారు లారీ దిగి వాచీ చూసుకున్నాడు. బంగారరాజు గారు వాళ్లని చూసి ముఖం తిప్పుకున్నారు. ఎవరు చెప్పారో ఆయనకి తెలిసిపోయింది. మీ తాతని ఏమీ అనలేదు. "మొదలుపెట్టు," అన్నారు.

నూకరాజు కాళ్లకి తాటి బంధం వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని ఎక్కాడు. క్లబ్బువి పదహారూ ముందు ఎక్కాడు. తడి మాను మీద పాదం అంగుళం అంగుళం పట్టు చూసుకోవాలి. మోకాలు వంగినప్పుడల్లా పళ్లు బిగించేవాడు, కిందనుంచి నాకు కనబడేది. గెల మీద కత్తి దెబ్బ వినపడేది, తరవాత కాయలు దబదబా నేల మీద. పదహారో చెట్టు దిగాడు. నీళ్లు తాగాడు. ఉత్తరం గోలు వెనక్కి నడిచి, దేవసహాయం చెట్టు మాను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

బంధం వేసుకోలేదు.

"ఎక్కరా," అన్నారు బంగారరాజు గారు.

"ఆడేవాడి చెట్టే ఎక్కుతానండి," అన్నాడు నూకరాజు. మెల్లగానే అన్నాడు, గొంతు పెంచడం ఆయనకి చేతకాదు. "మాస్టారు చెప్పింది అదే. మానేసినవాడి చెట్టు వాడు రమ్మంటే ఎక్కుతాను, కాయ వాడింటికి దింపుతాను. క్లబ్బుకైతే ఆడేవాడి చెట్టే."

 నూరు రూపాయలు, ఆగకుండా, అన్నది గాలికి పోవడం కళ్లతో చూశాను. నీకు అబద్ధం చెప్పను, ఆ క్షణంలో మీ తాత మీద నాకు కోపమే వచ్చింది.

షావుకారు అన్నీ అయితేనే అని మళ్లీ అన్నాడు. బంగారరాజు గారు కోప్పడతారనుకున్నాం. కోప్పడలేదు. గోలు గుంజ పట్టుకుని నిలబడ్డారు. పాతవాళ్ల వైపు తిరిగి చెప్పారు. సోమవారం గడిస్తే పేరు పోతుంది. పేరు పోతే ఈ నేల బీడు. నేల బీడైతే ఎవడో ఒకడు కంచె వేస్తాడు. అప్పుడు చెట్లు మీవీ కావు, నావీ కావు. "నేను తప్పు చేసేను. చెప్పకుండా చెయ్యబోయేను. ఇంకో దారి నాకు తెలీలేదు. తెలిస్తే మీరే చెప్పండి," అన్నారు. 

ఎవరైనా ఎలా చెబుతారు? ఇస్తామంటే మాస్టారి మాట పోతుంది, మళ్లీ ఏటా ఇమ్మంటారు. ఇవ్వం అంటే క్లబ్బు పోతుంది. అచ్యుతరామయ్య గారు కళ్లజోడు పెట్టుకోవడం, తియ్యడం, పెట్టుకోవడం.

సువార్తమ్మ కాయలు పట్టుకెళ్లడానికి ఖాళీ గంప తెచ్చుకుంది. ఆ గంప కింద పెట్టింది. చీర కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపింది. నడుచుకుంటూ వెళ్లి రెండు గుంజల మధ్య నిలబడింది.

"ఆడేవాడి చెట్టే ఎక్కుతానన్నావు కదా," అంది. "ఆయన లేరు. ఆయన బదులు నేను ఆడతాను. బంతి తెచ్చి కొట్టు."

ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆగిపోయారు. నూకరాజు కదలలేదు. సువార్తమ్మ రెండు చేతులూ చాపి, మోకాళ్లు వంచి నిలబడింది. దేవసహాయం నిలబడ్డట్టే. ఇన్నేళ్లూ గట్టున కూర్చుని చూసిన మనిషి కదా, ఆ నిలబడడం ఆవిడ ఒంట్లోకి ఎప్పుడు వచ్చేసిందో.

పాకలోంచి బంతి తెచ్చారు. బుధవారం నూనె పట్టించిన బంతే. నూకరాజు దాన్ని చాలా దూరంలో పెట్టి, కాలి అంచుతో నెట్టాడు. దొర్లుకుంటూ వెళ్లి ఆవిడ పాదాల దగ్గర ఆగింది. ఆవిడ దాన్ని తీసి వెనక్కి విసిరింది.

"మీ అన్నయ్యకి ఇలాగే కొట్టేవాడివా నూకరాజూ? ఆయన్ని ఎగతాళి చెయ్యకు."

నూకరాజు బంతి మళ్లీ పెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు. మోకాలికి చుట్టిన గుడ్డ సరిచేసుకున్నాడు. కొట్టాడు. నిజంగానే కొట్టాడమ్మా, నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడు వినపడి తెరిచేసరికి సువార్తమ్మ బురదలో కూర్చుని ఉంది, బంతి ఒళ్లో ఉంది. ముంజేతులు ఎర్రగా కందిపోయాయి. లేచి, బంతి పక్కన పెట్టి, చీర దులుపుకుంది.

"ఇప్పుడు ఎక్కు," అంది. బంగారరాజు గారి వైపు తిరిగింది. "ఈ ఒక్క దింపేనండి. నేను ఆడేను కాబట్టి ఈ దింపు క్లబ్బుది. ఇవాళతో నేను ఆట మానేసేను. వచ్చే దింపు మా ఇంటికి రావాలి. కాగితాలూ, మూడేళ్లూ వద్దండి."

బంగారరాజు గారు చేతులు జోడించారు. "ఆయ్," అన్నారు.

అచ్యుతరామయ్య గారు కళ్లజోడు తీసి నా చేతికిచ్చారు. "పట్టుకో గంగాదేవీ, ఇది పగిలితే ఊళ్లో ఉత్తరాలన్నీ తప్పు ఇళ్లకి పోతాయి," అని పంచె ఎగ్గట్టి ఎడమవైపు అంచుకి వెళ్లి నిలబడ్డారు. యాభై ఏడేళ్లు ఆయనకి. బంతి వస్తే తన్నబోయి చెప్పు తన్నారు. చెప్పు గోల్లో పడింది. గోలా కాదా అని కాసేపు వాదన. ఆ తరవాత ఒక్కొక్కరే దిగారు. బొజ్జలతో, ఆయాసాలతో, ఒకాయన చేతికర్రతో. పోయినవాళ్ల బదులు కొడుకులు. ఇద్దరు మాత్రం దిగలేదు. ఒకాయనకి ఇంట్లో పెళ్లి పెట్టుకుని కాయ అవసరం, ఇంకొకాయనకి బంగారరాజు గారంటే పడదు. ఆ రెండు చెట్లూ మీ తాత ఎక్కలేదు. వాళ్లని ఎవరూ ఒక్క మాట అనలేదు, అననివ్వలేదు కూడా.

పొద్దుగూకే దాకా నూకరాజు ఒక్కడే ఇరవై నాలుగు చెట్లు ఎక్కాడు. చివరికి మోకాలు వాచి గుడ్డలో పట్టలేదు. షావుకారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ, ఎదురుగా రాశి పోసిన కాయ వదులుకోడానికి మనసొప్పలేదు. ఆ కాయకి ఆ రోజు ధర ఇచ్చి లారీకి ఎత్తించాడు. పోటీకి కట్టే డబ్బు, సఖినేటిపల్లి రేవు దాటే డబ్బు, బస్సు డబ్బు వచ్చాయి. విశాఖపట్నం వాళ్లకి రాలేదు. మన బకాయి రాలేదు.

ఇంటికి వస్తూ దారిలో మీ తాత నాతో, "నూరు రూపాయలు పోయేయి," అన్నాడు. నేను ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని నడిపిస్తున్నాను. "పోతే పోయేయి, కుడికాలు జాగ్రత్తగా వెయ్యి," అన్నాను. అంతకన్నా ఏమీ అనలేకపోయాను. ఎక్కమన్న నోరు నాదే కదా.

ఏలూరులో మొదటి ఆట గెలిచారు. రెండోది ఓడిపోయారు. ఆ మోకాలితో మీ తాత రెండూ ఆడాడు. పేరు జాబితాలో నిలబడింది. తరవాతి దింపుకి సువార్తమ్మ కాయ నూకరాజే గంపకెత్తి ఆవిడ వాకిట్లో పోసి వచ్చాడు, డిసెంబరు ఫీజు కాస్త ఆలస్యంగానే అయినా కట్టారు. అప్పటినుంచి డబ్బు మరీ కటకటైన ఏడాదల్లా పాతవాళ్లు ఒక్క పొద్దు దిగి ఆడేవారు. ఆడిన ఏడాది ఒక్క దింపు క్లబ్బుకి, మిగతా కాయ వాళ్లింటికి. మీ తాత ఎనభై నాలుగులో మానేశాడు. ఆయన చెట్టు కాయ మనింటికి వచ్చిన మొదటి రోజు, ఆయన ఒక కాయ చేతిలో పెట్టుకుని కొట్టనివ్వలేదు, సాయంత్రం దాకా అలా తిప్పుతూనే ఉన్నాడు.

కాగితం ఇప్పటికీ లేదమ్మా. నోటితో ఉన్నదే ఉంది. ఆయన నాకు చెప్పాడు, నేను నీకు చెబుతున్నాను. ఉత్తరం గోలు వెనక మొదటిది దేవసహాయానిది. దాని పక్కన కాస్త వంగినది అచ్యుతరామయ్య గారిది. కాలవ వైపు పిడుగు తగిలి మొండిగా నిలబడింది మాస్టారిది, కాయదు, అయినా కొట్టరు. దక్షిణం మూల, మొదలు దగ్గర రెండు గాట్లు ఉన్నది మీ తాతది. రేపు ఎవరైనా వచ్చి ఈ చెట్టు ఎవరిదని అడిగితే తడుముకోకూడదు. ఆ రోజు ఆవిడ గోల్లో ఎలా నిలబడిందో అదీ చెప్పాలి. మీ పిల్లలకి కూడా చెప్పు.

ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు. ఉత్తరం గోలు దగ్గరనుంచి మొదలుపెట్టు. వింటాను.